గోరంత వంకర

నీళ్లు తాగమన్నారు, తాగాను. కూర్చోమన్నారు, కూర్చున్నాను. మా మాటలు రికార్డైన టేపులు సిద్ధం చేయడానికి గంట పడుతుందట, అందాకా ఈ విశ్రాంతి గదిలోంచి కదలకూడదట, పక్కగదిలో ఉన్న మాస్టారితో ఒక్క మాట కూడా మాట్లాడకూడదట. సూపర్‌వైజర్ ఇవన్నీ జ్వరం వచ్చిన పిల్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పి, తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు. గోడమీద గడియారం మధ్యాహ్నం రెండూ పది చూపిస్తోంది. చేతిలో కాగితం కప్పు ఉంది, అందులో నీళ్లు ఎప్పుడో అయిపోయాయి, అయినా కప్పు అంచు నా పళ్లకు తగిలి టకటకమంటోంది, అంటే నేనింకా తాగుతున్నాననే అనుకుంటున్నానన్నమాట. భయంగా ఉంది. ఈ మాట పైకి అనగలిగితే కొంత తగ్గేదేమో, ఎవరితో అనను, గోడతోనా? పదేళ్లుగా విమానాలకు దారి చెబుతున్నదాన్ని, ఏం జరిగినా గొంతు వణకకూడదని నేర్చుకున్నదాన్ని. వణకలేదు కూడా. రెండు చుక్కలు ఒకటైపోయినప్పుడు కూడా వణకలేదు.

రెండు చుక్కలు ఒకటయ్యాయి. కళ్లు మూసుకుంటే అదే, తెరిస్తే గోడమీద అదే. ఎయిర్‌పోర్టులో ఉద్యోగం అనగానే ఎత్తైన గాజు గది అనుకుంటారు అందరూ, మా అమ్మ చుట్టాలకు ఇప్పటికీ అలాగే చెబుతుంది, మా అమ్మాయి ఆ అద్దాల మేడలో కూర్చుని చెయ్యి ఊపితే గానీ విమానం దిగదని. అది వేరేవాళ్ల పని. మేం కూర్చునేది కిటికీలు లేని చీకటి గదిలో, రాడార్ తెర ముందు. ముప్పై నలభై మైళ్ల దూరాన విమానాలను అందుకుని, ఒకదాని వెనక ఒకటి వరసలో పెట్టి, మెట్టు మెట్టుగా కిందికి దించి గాజు గదివాళ్లకు అప్పగిస్తాం. విమానం అంటే మాకొక పచ్చటి చుక్క, పక్కన అది ఎంత ఎత్తులో ఉందో చెప్పే అంకెలు, అంతే. తెర నాలుగు సెకన్లకోసారి కొత్తగా గీసుకుంటుంది, చుక్క ఒక గెంతు ముందుకు వేస్తుంది. రెండు చుక్కలు మరీ దగ్గరకొస్తే వాటి అంకెలు ఒకదానిమీద ఒకటి పడి అలుక్కుపోతాయి. అలుక్కుపోయాయి. ఎవరు పైన, ఎవరు కింద, అసలు పైనా కిందా అనేది ఉందా లేదా, ఏమీ చదవలేకపోయాను. ఎర్ర గీత మెరిసింది, కుయ్‌మని మోత, నేను రెంటిలో పెద్దదాన్ని, ప్రయాణికుల విమానాన్ని, కుడికి తిరగమన్నాను, ఆ మాట పూర్తికాకముందే కెప్టెన్ గొంతు, "మా మెషీన్ ఎక్కమంటోంది, ఎక్కుతున్నాం" అని. విమానంలోని ఆ హెచ్చరిక యంత్రం మాట్లాడిందంటే ఇక మేం నోరు మూసుకోవాలి, అది నియమం, రెండు గొంతులు రెండు రకాలుగా చెబితే పైలట్ ఏది వినాలి? అందుకని నోరు మూసుకున్నాను. నాలుగు సెకన్లు. ఇంట్లో కుళాయి కట్టేయడానికి పట్టేంత సేపు. ఆ నాలుగు సెకన్లూ తెరమీద ఒకే చుక్క ఉంది, నాకు పై ప్రాణాలు పైనే పోయాయి, నేను చేయగలిగిందల్లా రెండో చుక్క మళ్లీ పుడుతుందా అని చూడడం.

పుట్టింది. తెర గీసుకుంది, రెండు చుక్కలు, వీపు వీపు పెట్టుకుని విడిపోతూ. కాసేపటికి కెప్టెన్ మళ్లీ మాట్లాడింది, ఆవిడ గొంతులో కోపం లేదు, కోపం ఉన్నా బాగుండేది. "దాటిపోయింది. దాని రెక్క కింద రాసిన అక్షరాలు చదివాను" అంది. రెక్క కింది అక్షరాలు! వెంట్రుకవాసిలో తప్పింది అంటాం చూడండి, ఏ బస్సో తప్పినప్పుడు కూడా అనేస్తాం. పెద్ద విమానంలో నూట నలభై మూడు మంది ఉన్నారని తర్వాత సూపర్‌వైజర్ చెప్పాడు, నేను అడగలేదు, ఎందుకు చెప్పాడో. రెండో చుక్క ఒక చిన్న సర్వే విమానం, అందులో ఇద్దరు. నూట నలభై ఐదు. వాళ్లు ఈపాటికి దిగి సామాన్ల కోసం నిలబడి ఉంటారు, విమానం ఉన్నట్టుండి పైకి లేచినప్పుడు ఎవరి చొక్కా మీదో కాఫీ ఒలికి ఉంటుంది, పైలట్‌ను నాలుగు తిట్లు తిట్టుకుని ఉంటారు, ఆ మరక వదలదని ఇంటికెళ్లాక ఎవరో సణుగుతారు. సణగనీ. వందేళ్లు సణగనీ.

భయమేస్తే వరస పట్టుకో, అని నేర్పింది మాస్టారే. వరస పట్టుకుంటాను. ఒంటిగంటా ఇరవైకి కుర్చీ మారాం. కుర్చీ మారడమంటే మా గదిలో పెళ్లి తంతుకన్నా ఎక్కువ, దిగే మనిషి ఎక్కే మనిషికి ఒక్కో విమానం గురించీ చెప్పాలి, అన్నీ అయ్యాక "కుర్చీ నీది" అనాలి, రెండోవాళ్లు "నాది" అనాలి, అప్పుడే బాధ్యత చేతులు మారినట్టు. దిగింది మాస్టారు. ఆయన అసలు పేరుతో ఎవరికీ పనిలేదు, ఎవరు తొందరపడినా "నిదానం, నిదానం" అంటారు కాబట్టి అందరికీ నిదానం గారే, నా ఒక్కదానికే మాస్టారు, ఎందుకంటే ఈ పని ఓనమాలు దిద్దించింది ఆయనే. ఐదు విమానాల గురించి చెప్పారు. ఆరోది సర్వే విమానం, నేలను ఫొటోలు తీసుకుంటూ నాలుగు వేల అడుగుల ఎత్తున చాళ్లు దున్నినట్టు ఇటూ అటూ తిరుగుతోంది పొద్దుటి నుంచీ. "సర్వే వాడిదొకటుంది, ఆగమ్మాయ్" అన్నారు మాస్టారు, అంతలో పక్క సెంటరు ఫోన్ మోగింది, మాట్లాడారు, పెట్టేశారు, బల్ల వైపు ఓసారి చూశారు, "అంతేగా. కుర్చీ నీది" అన్నారు. అప్పటికే నా హెడ్‌సెట్‌లో ఒక పైలట్ పిలుస్తున్నాడు. "నాది" అన్నాను. ఆ చెప్పని మాట ఏమిటంటే, ఈ చాలు అయిపోయాక ఐదు వేలకు ఎక్కొచ్చని సర్వే విమానానికి ఆయన అనుమతి ఇచ్చేశారు. ఎక్కేటప్పుడు చెప్పమన్నారు కూడా. వాడు ఎక్కాక చెబుదాంలే అనుకున్నాడట. పద్దెనిమిది నిమిషాల తర్వాత పెద్ద విమానాన్ని నేను ఐదు వేలకు దించాను.

అదీ వరస. వరసలో నా తప్పు ఎక్కడా లేదు. సూపర్‌వైజర్ అడిగినప్పుడు అదే చెప్పాను, "ఆయన నాకు చెప్పలేదు సార్" అని. నిజమే చెప్పాను. "నువ్వు కూర్చునేసరికి బల్ల ఎలా ఉంది?" అన్నాడు. "శుభ్రంగా ఉంది" అన్నాను. రాసుకున్నాడు. కింద సంతకం పెట్టాను, సంతకం కూడా నాదిలాగే వచ్చింది, ఒక్క వంకైనా తప్పలేదు. మరి అంతా నిజమే అయినప్పుడు గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన అడగని వాటికి కూడా నేను జవాబులు ఎందుకు వెతుక్కుంటున్నాను?

కిటికీ ఉంది ఈ గదికి. కార్లు నిలిపే చోటు, దాని వెనక కంచె, కంచె మీద కాస్త ఆకాశం. ఒక విమానం లేచింది, అద్దం గడగడలాడింది, నేను కప్పును నలిపేశాను. ఎన్ని వేలు లేచాయి ఈ పదేళ్లలో, ఈ సోఫాలోనే కునుకు తీశాను ఆ చప్పుళ్ల కింద, ఇవాళ చెవులు మూసుకోవాలనిపిస్తోంది. ఇప్పుడు నా కుర్చీలో ఎవరు కూర్చున్నారో. ఆ చుక్కలిప్పుడు ఎవరివో. గోడ అవతల మాస్టారు దగ్గారు. దగ్గు ఒకటే వస్తోంది అక్కడినుంచి, రెండు పొడి దగ్గులు, కాసేపు ఏమీ ఉండదు, మళ్లీ రెండు. నేను కూడా ఓసారి దగ్గితే మాట్లాడినట్టవుతుందా? దగ్గలేదు. సోఫా రెక్సిన్ చిరిగి పసుపు దూది బయటికొచ్చింది, దాన్ని లోపలికి నెట్టాను. బల్లమీద పాత పత్రికలున్నాయి, ఎవరో చదివి ఎలా పడితే అలా పడేశారు.

మొన్న మా ఆయన కొట్టుకు వచ్చారు మాస్టారు. మా ఆయనది కళ్లజోళ్ల కొట్టు, ఎయిర్‌పోర్టు సిబ్బందికి కాస్త తగ్గించి ఇస్తాడు, తగ్గించేది రూపాయి, చెప్పుకునేది పది. నేనూ అక్కడే ఉన్నాను. కొత్త అద్దాలు పెట్టుకుని చూసుకుంటూ, "ఈమధ్య మతిమరుపు ఎక్కువైందమ్మాయ్, కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నా, మీ పిన్నిగారు నవ్వి నవ్వి చచ్చింది" అన్నారు. మేమూ నవ్వాం. మా ఆయన లోపలికి వెళ్లగానే ఆయన నవ్వు ఆపేశారు. అద్దంలోంచి నన్ను చూస్తూ, "మా అన్నయ్యకి కూడా ఇలాగే మొదలైంది. ముందు కళ్లజోడు, తర్వాత కొడుకు పేరు" అన్నారు. నేను ఏదో అన్నాను, అందరికీ ఉండేదే అనో, పనెక్కువైతే అంతే అనో. ఆయన తల ఊపి, "బల్ల ముందు మాత్రం ఇంకా ఏదీ పోలేదులే" అన్నారు. ఇప్పుడు ఆ గోడ అవతల కూర్చుని ఆయన ఏం అనుకుంటూ ఉంటారు? చెప్పలేదని తెలుసు ఆయనకు. ఎందుకు చెప్పలేదో వెతుక్కుంటూ ఉంటారు, కళ్లజోడు వెతికినట్టు ఇల్లంతా. ఉద్యోగం పోతుందని కాదు. ఇది మొదలైందేమో అనుకుంటారు. పాపం, ఆ దగ్గు.

మా ఆయన అంటే గుర్తొచ్చింది, పొద్దున బయల్దేరేటప్పుడు చెప్పులు విప్పే చోట తన చెప్పు ఒకటి కావాలని తిరగేసి పెట్టాడు. నన్ను ఏడిపించడానికి పెళ్లైనప్పటినుంచీ చేస్తున్న పనే, ఒక చెప్పు తూర్పు, ఒక చెప్పు పడమర, తను తలుపు చాటున నిలబడి లెక్కపెడుతుంటాడు నేను ఎన్ని సెకన్లు ఆగగలనా అని. మూడు దాటలేదు ఇంతవరకూ. ఈ రోగం మా అమ్మది. ఎవరింటికెళ్లినా గోడమీద పటం సరిచేస్తుంది, డాక్టరు గారి గదిలో ఆయన బల్లమీది కాగితాలు సర్దింది ఒకసారి, ఆయన నిర్ఘాంతపోయి చూస్తుంటే "మీరు కానివ్వండి బాబూ" అంది. "కుక్కతోక వంకర ఎవడూ తీర్చలేడంటారు గానీ, మీ అమ్మకి ఇంకా కుక్క దొరకలేదు" అనేవాడు నాన్న. చెయ్యి ఊరుకోదమ్మా అనేది అమ్మ, నేను చెయ్యాలనుకుని చెయ్యనే, చేశాక తెలుస్తుంది నాకు, అని.

చేశాక తెలుస్తుంది. కిందికి చూశాను. బల్లమీద పత్రికలు ఒకదానిమీద ఒకటి అంచులు కలిసి చక్కగా ఉన్నాయి. పెద్దవి కింద, చిన్నవి పైన. ఎవరు సర్దారు? ఈ గదిలో నేను తప్ప ఎవరూ లేరు. నలిగిన కప్పు కూడా బల్ల మూలకు తిన్నగా నిలబెట్టి ఉంది. ఎప్పుడు చేశాను, మాస్టారి గురించి అనుకుంటున్నప్పుడా, చెప్పుల గురించా? ఎంత వెతికినా ఆ క్షణం దొరకలేదు, నా చేతులు నా ఒళ్లో అమాయకంగా ముడుచుకుని ఉన్నాయి, అప్పుడు నాకు అరికాళ్ల నుంచి చల్లగా ఏదో పాకుతూ పైకి వచ్చింది, ఇందాకటి వణుకు కాదు, అది అయిపోయినదాని భయం, ఇది వేరే. బల్ల శుభ్రంగా ఉంది, అని రాయించాను. బల్ల శుభ్రంగా ఉందా, నేను శుభ్రం చేశానా?

ఆ బల్ల గురించి చెప్పాలి. కొత్త కంప్యూటర్లు వస్తాయని పదేళ్లుగా వింటున్నాం, మా సెంటరులో ఇంకా కాగితపు స్ట్రిప్పులే. విమానానికొకటి, జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు, ప్లాస్టిక్ చట్రంలో బిగించి తెర పక్కన ఏటవాలు బల్లమీద పట్టాల్లో వరసగా పేరుస్తాం. ఎత్తు మారితే పాతది కొట్టేసి కొత్తది రాస్తాం, కానీ విమానం నిజంగా కదిలానని చెప్పేదాకా రాయం. మరి ఈలోగా ఎలా గుర్తు? వంకర. స్ట్రిప్పును పట్టాలోంచి ఒకవైపు కాస్త లాగి వంకరగా వదిలేస్తాం. వంకరగా ఉందంటే ఈ విమానంతో ఇంకా ఒక మాట మిగిలి ఉందని అర్థం. పని పూర్తయ్యాక మళ్లీ లోపలికి నెడతాం, టక్‌మంటుంది. నేర్చుకునే రోజుల్లో మాస్టారు రోజుకు పదిసార్లు చెప్పేవారు, "గుర్తుంచుకోవడం బుర్ర పని కాదు అమ్మాయ్, బల్ల పని. బుర్రకి ఆకలేస్తుంది, నిద్రొస్తుంది, ఇంట్లో గొడవలుంటాయి. బల్లకేముంది? పని అయ్యేదాకా వంకర తియ్యకు" అని. ఆయన వంకర అందరి వంకరలా ఉండదు. మిగతావాళ్లు సగం స్ట్రిప్పు బయటికి లాగుతారు. ఆయనది గోరంత. తెలిసినవాళ్లకే కనిపిస్తుంది. నాకు కనిపించాలి, ప్రపంచంలో ఎవరికి కనిపించకపోయినా.

ఆయన ఫోన్లో మాట్లాడుతున్నారు. నేను కూర్చున్నాను, కుర్చీ ఎత్తు తగ్గించాను, హెడ్‌సెట్ వైరు బల్లమీదుగా లాగాను. వైరు తగిలి స్ట్రిప్పులు రోజూ కాస్త కదులుతాయి, రోజూ సర్దుతాను. సర్దానా ఇవాళ? చెవిలో పైలట్ పిలుస్తున్నాడు, వాడికి జవాబు చెబుతున్నాను, కళ్లు తెరమీద ఉన్నాయి, మరి చెయ్యి? చెయ్యి ఎక్కడుంది? నేను ఎంత గింజుకున్నా ఆ చెయ్యి బొమ్మ కట్టలేదు. కానీ నా బొటనవేలికి ఏదో తెలుసు. బొటనవేలి పక్కన, ప్లాస్టిక్ అంచు నొక్కుకుని లోపలికి జారినప్పటి చిన్న అదురు. అది నిన్నటిదా, ఇవాళ్టిదా? పదేళ్లలో లక్షసార్లు తెలిసిన అదురు అది, ఏ రోజుదని చెప్పను? మాస్టారు ఫోన్ పెట్టి బల్ల వైపు చూశారు. ఆయన ఆగి చూశారు, అది నాకు బాగా గుర్తుంది, వేలు కొద్దిగా లేచింది, బల్లమీద దేనికోసమో వెతుకుతున్నట్టు. అన్ని స్ట్రిప్పులూ తిన్నగా ఉన్నాయి. అంటే ఇక మిగిలిందేమీ లేదన్నమాట, అనుకున్నారు. అంతేగా, అన్నారు. ఆయన తన బుర్రను నమ్మలేదు, బల్లను నమ్మారు, నాకు నేర్పినట్టే.

దేవుడా. వైరు తగిలి తిన్నగా అయి ఉండొచ్చు కదా? వైరు వంకర చేస్తుంది గానీ తిన్నగా చెయ్యదు. ఆయన అసలు వంకర పెట్టకపోయి ఉండొచ్చు కదా, ఈమధ్య మతిమరుపు ఎక్కువైందని ఆయనే చెప్పారు కదా? ఈ ఆలోచన వచ్చినందుకు నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది, అయినా వచ్చింది, వచ్చి సోఫాలో నా పక్కనే కూర్చుంది, ఎంత తీపిగా ఉందో. ఎవరూ చూడలేదు. మా గదిలో గొంతులు రికార్డవుతాయి, చేతులు కావు. ఇప్పటికే సంతకం పెట్టాను. నోరు మూసుకుంటే చాలు, ఇందాకటిలాగే, నాలుగు సెకన్లు కాదు, జీవితాంతం. నోరు విప్పితే? లైసెన్సు ఆపేస్తారు, మళ్లీ పరీక్షలు, మళ్లీ ఎవరో కుర్రవాడి పక్కన శిష్యరికం, అది కూడా ఇస్తే. అది కాదు అసలు భయం. నా చెయ్యి నాకు చెప్పకుండా పని చేసిందని ఒప్పుకుంటే, రేపు ఆ చేతిని వెంటబెట్టుకుని ఆ బల్ల ముందు ఎలా కూర్చోను? నూట నలభై ఐదు మంది నా బొటనవేలి కింద ఉన్నారు, వాళ్లకు తెలియదు, నాకూ తెలియదు.

నేర్చుకునే రోజుల్లో ఒకసారి రెండు విమానాలను ఉండాల్సినదానికన్నా దగ్గరికి తెచ్చాను. ఇంత దగ్గర కాదు, కాగితాలమీద తప్పయ్యేంత. మా పనిలో శిష్యుల చేతికింద ఉండే లైసెన్సు గురువుది, కాబట్టి తప్పు నాది, పేరు ఆయనది. ఆయన రికార్డులో ఒక మచ్చ పడింది. రెండోది పడితే కుర్చీ ఉండదు, మూడో అంతస్తులో ఫైళ్ల దగ్గర కూర్చోబెడతారు. విచారణ నుంచి బయటికొచ్చి ఆయన నన్ను అడిగింది ఒకటే, "భోంచేశావా?" అని. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. ఇవాళ ఇది రెండోది.

తలుపు తెరుచుకుంది. సూపర్‌వైజర్. మొహం తేటపడి ఉంది, నాకోసమే తేటపరుచుకుని వచ్చినట్టు. "టేపులు విన్నారమ్మా. పెద్దాయన చెప్పలేదని తేలిపోయింది. ఆయనే ఒప్పేసుకున్నారు, మర్చిపోయాను, నాదే తప్పు అని. నీకేం ఫర్వాలేదు" అన్నాడు. కాస్త ఆగి, "నిజానికి తిలా పాపం తలా పిడికెడు, ఆ సర్వే వాడిదీ ఉంది. కానీ ఎవరో ఒకరి పేరు రాయాలిగా" అన్నాడు. నాకేం ఫర్వాలేదు. ఒళ్లు తేలిపోయింది ఒక్క క్షణం, అబద్ధం ఎందుకు, నిజంగానే తేలిపోయింది, బయటికి పరిగెత్తి మా ఆయనకు ఫోన్ చేసి ఏడవాలనిపించింది. నడవాలో ఎనిమిది అడుగులు నడిచేలోపే ఆ తేలిక పోయింది.

విచారణ గదిలో పొడవాటి బల్ల, నాలుగు కుర్చీలు. టేపుల అధికారి ఎవరో కొత్తాయన, చొక్కా జేబులో మూడు పెన్నులు, మూడూ ఒకే ఎత్తులో. మాస్టారు గోడ పక్కన కూర్చున్నారు. నన్ను చూసి తల ఊపారు, తర్వాత తన చేతుల వైపు చూసుకున్నారు. గంటలో ఇంత ముసలితనం ఎలా వస్తుంది మనిషికి. అధికారి టేపు పెట్టాడు. నా గొంతు, ఆయన గొంతు, ఐదు విమానాలు. "సర్వే వాడిదొకటుంది, ఆగమ్మాయ్." ఫోన్ మోత. ఆయన ఫోన్లో మాట్లాడుతున్నారు, ఆ మాటల కింద కుర్చీ కిర్రుమంది, వైరు బల్లమీద ఈడ్చిన చప్పుడు, ఇంకా. టక్.

ఎవరూ తలెత్తలేదు. అధికారి రాసుకుంటున్నాడు, సూపర్‌వైజర్ గడియారం చూసుకుంటున్నాడు. మాస్టారు ఒక చెవి కాస్త అటు తిప్పారు, అంతే, మళ్లీ తల దించుకున్నారు, విన్నదాన్ని కూడా నమ్మే ఓపిక లేనట్టు. నా బొటనవేలు నిప్పు అంటుకున్నట్టు మండింది.

"చివరగా ఒకటి" అన్నాడు అధికారి. సీలు వేసిన కవరు చింపి ఆరు స్ట్రిప్పులు బల్లమీద పోశాడు, పట్టాల చట్రం ఒకటి నా ముందుకు జరిపాడు. "మీరు కూర్చునేసరికి ఇవి ఎలా ఉన్నాయో అలా పెట్టండి మేడమ్. ఫొటో తీసుకుంటాం. అదైపోతే వెళ్లిపోవచ్చు."

ఒకటి పెట్టాను. టక్. రెండు. టక్. నా చెయ్యి ఎంత బాగా పని చేస్తుందో చూడండి, వణుకు లేదు, తొందర లేదు. మూడు, నాలుగు, ఐదు. ఆరోది సర్వే విమానానిది, నాలుగు వేలు అని మాస్టారి గుండ్రటి అంకెలు. పట్టాలో పెట్టి నెట్టాను, నెడుతూ ఆపాను, చివర ఇంకా గోరంత మిగిలి ఉండగా. చెయ్యి ఊరుకోవడం లేదు, నెట్టెయ్ నెట్టెయ్ అంటోంది, ఒకటి, రెండు, మూడు, మా ఆయన తలుపు చాటున లెక్కపెడుతున్నాడు, నాలుగు, ఐదు. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని బల్ల మీంచి తీసేశాను.

అధికారి కెమెరా ఎత్తాడు. దించాడు. "అదొక్కటీ కాస్త..." అంటూ, ఫొటో బాగా రావాలని కాబోలు, వేలు చాపి దాన్ని లోపలికి నెట్టబోయాడు.

"ముట్టుకోకండి!"

ఆ గొంతు నాదే. వణికింది. పదేళ్లలో మొదటిసారి పని చోట నా గొంతు వణికింది, అందరూ నా వైపు చూశారు. "అది అలాగే ఉంది" అన్నాను. "నేను కూర్చునేసరికి అలాగే వంకరగా ఉంది. సరిచేసింది నేను. టేపులో ఉంది, ఫోన్ మాటల మధ్యలో, మళ్లీ వినండి. ఇందాక సంతకం పెట్టింది తప్పు."

అధికారి వేలు అలాగే గాల్లో ఉండిపోయింది. మాస్టారు లేచారు, బల్ల దగ్గరికొచ్చారు, నెత్తిమీది కళ్లజోడు కళ్ల మీదికి దించుకుని ఆ స్ట్రిప్పు మీదికి వంగి చాలాసేపు చూశారు. ఆయన నా లైసెన్సు గురించి అడగలేదు, తన మచ్చ గురించి అడగలేదు.

"పెట్టానా అమ్మాయ్?" అన్నారు. "నేను పెట్టానా?"

"పెట్టారు మాస్టారూ. మీరు మర్చిపోలేదు."

ఆయన పక్కనున్న కుర్చీ కోసం చేత్తో తడుముకుని కూర్చున్నారు. అధికారి టేపు వెనక్కి తిప్పుతున్నాడు. నాకింకా భయంగానే ఉంది, కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకునే ఉన్నాను.